నిదానపు నోవా వర్ణపటం

శర్మిష్ఠ (కాసియోపియా) రాశిలో, ఎం52 తారాగుచ్ఛం పక్కన, 2021 మార్చి 18న జపాన్ ఔత్సాహికుడు యుజి నకమురా ఒక నోవాను గుర్తించారు. దాని పేరు వి1405 కాసియోపియా. అప్పటికి దాని ప్రకాశ పరిమాణం 9.6; ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ కాంతి ఎక్కువ. చాలా నోవాలు కొద్ది రోజుల్లోనే గరిష్ఠ కాంతికి చేరి తగ్గుముఖం పడతాయి. ఇది మాత్రం వారాల తరబడి 8 పరిసరాల్లోనే తచ్చాడి, మే రెండో వారానికి గాని 5.1కి ఎక్కలేదు. ఆ రోజుల్లో తెలంగాణలోని చిల్పూర్ గుట్ట నుంచి చూస్తే తెల్లవారుజామున ఈశాన్యాన, నడినెత్తికి మూడో వంతు ఎత్తున ఉండేది. వీధిదీపాల వెలుగు సోకని చోట కంటికి ఆనీ ఆననట్టు కనబడేంత కాంతి అది.

నోవా ఒక జంట తారల వ్యవహారం. శ్వేత కుబ్జతార పక్క తార నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఆ పొర మందమయ్యే కొద్దీ అడుగున ఒత్తిడి, వేడి పెరిగి కేంద్రక సంలీనం అదుపు తప్పుతుంది. పొర ఎగిరిపోయినా తార మిగులుతుంది. సూపర్‌నోవాకూ దీనికీ తేడా అదే.

పొర ఎంత వేగంతో కదులుతోందో వర్ణపటమే చెబుతుంది. హైడ్రోజన్ ఆల్ఫా రేఖ స్థానం 6563 ఆంగ్‌స్ట్రామ్‌లు. మనవైపు దూసుకొస్తున్న వాయువు వెనకనుంచి వచ్చే కాంతిని పీల్చుకుంటే, ఆ వెలుగు రేఖకు నీలం వైపున ఒక నల్లటి గాడి పడుతుంది. గాడి 22 ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కకు జరిగిందంటే వాయువు వేగం సెకనుకు దాదాపు 1000 కిలోమీటర్లు. ఈ జంట ఆకృతికి పి సిగ్ని అని పేరు.

వి1405లో మొదట హీలియం, హైడ్రోజన్ రేఖలు ప్రముఖంగా కనిపించాయి. గరిష్ఠ కాంతి వేళకు పొర ఉబ్బి చల్లబడి, అయనీకృత ఇనుము రేఖలు ముందుకొచ్చాయి. ఒకే నోవా రెండు రకాల వర్ణపటాలు చూపడం ఎంతో విలువైన సాక్ష్యం: ఒకప్పుడు వేర్వేరు జాతులుగా లెక్కగట్టినవి ఒకే పేలుడులోని దశలు కావచ్చు. అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద ఆరు టెలిస్కోపుల కాంతిని కలిపే చారా వ్యవస్థ తీసిన చిత్రాలు 2025లో వెలువడ్డాయి. పేలుడు మొదలయ్యాక 50 రోజులకు పైగా పొరలో అధిక భాగం జంటను కమ్ముకునే ఉందని, ఆ తర్వాతే విడిపోయిందని అవి చూపాయి. 2021 జూన్‌లో హెర్క్యులిస్ రాశిలో పేలిన వి1674 అయితే, ఒక్క రోజు అటూఇటుగా ఆరో వంతు కాంతికి పడిపోయింది.

నిదానపు నోవా పరిశీలకులకు వరం. వర్షాకాలపు మబ్బులు కొన్ని రాత్రులు అడ్డుపడినా కథ పూర్తిగా చేజారదు. మన దేశంలో ఇలా తారల వర్ణపటాలను పరిశీలించే పనికి బాట వేసినవారిలో ముఖ్యుడు, తండ్రి కొలువు చేసిన హైదరాబాద్ నిజామియా వేధశాలలో ఆకాశం చూస్తూ పెరిగిన వైను బప్పు. ఆయన నెలకొల్పిన కావలూరు వేధశాలలోని 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు కూడా నోవాల వర్ణపటాలు తీస్తోంది.

చివరి దశలో పొర పలచబడి, 4959, 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆక్సిజన్ నిషిద్ధ రేఖలు మెరుస్తాయి. వాయువు దట్టంగా ఉన్నంతకాలం కణాలు ఒకదానినొకటి ఢీకొట్టుకుంటూ ఈ రేఖలను పుట్టనివ్వవు. అవి వెలిగాయంటే పొర విశ్వంలోకి చెదిరిపోతోందన్నమాట. లోపల శ్వేత కుబ్జతార మళ్లీ హైడ్రోజన్ కూడబెట్టే పనిలో పడుతుంది.