పొయ్యికీ గాలే, బండికీ గాలే

గ్యాసు పొయ్యి మంట నీలంగా ఉంటే వంట తొందరగా అవుతుంది. గిన్నెకు మసి పట్టదు. అదే మంట పసుపు రంగుకు తిరిగితే గిన్నె అడుగు నల్లబడుతుంది. గ్యాసూ దండగ అవుతుంది. ఎందుకని? పొయ్యికి గాలి సరిగా అందడం లేదు. బర్నరు తీసి దుమ్ము దులిపితే మంట మళ్లీ బాగుపడుతుంది. ఈ సంగతి ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మోపెడ్, మోటారు సైకిలు కూడా ఇలాంటి పొయ్యే. మంట ఇంజను లోపల ఉంటుంది. కంటికి కనబడదు. అంతే తేడా. ఆ మంటకు పెట్రోలునూ గాలినీ కలిపి పంపే వస్తువు పేరు కార్బురేటర్.

ఏ బళ్లకు ఉంటుంది?

2020 ఏప్రిల్‌లో పొగ మీద కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ తరువాత తయారైన చాలా బళ్లలో కార్బురేటర్ లేదు. దాని బదులు ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. దాన్ని ఇంట్లో విప్పకూడదు. అంతకు ముందు కొన్న మోపెడ్లకూ, మోటారు సైకిళ్లకూ ఎక్కువగా కార్బురేటరే ఉంటుంది. పాలు పోసేవాళ్లూ, కూరగాయలు అమ్మేవాళ్లూ, పొలానికి పోయేవాళ్లూ ఇప్పటికీ అలాంటి పాత బళ్లు నడుపుతున్నారు.

ఎలా పని చేస్తుంది?

దోమల మందు కొట్టే ఫ్లిట్టు పంపు చూసే ఉంటారు. కింద డబ్బాలో మందు ఉంటుంది. అందులో ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పంపు కొడితే గాలి ఆ గొట్టం మూతి మీదుగా జోరుగా పోతుంది. మందు తనంతట తానే పైకి లేచి, తుంపరగా బయటికి వస్తుంది.

కార్బురేటర్‌లో జరిగేదీ ఇదే. దాని మధ్యలో గొంతులాంటి ఇరుకు దారి ఉంటుంది. ఇంజను గాలిని లోపలికి పీలుస్తుంది. ఇరుకు దారిలో గాలి వేగం పెరుగుతుంది. కింద చిన్న గిన్నెలో ఉన్న పెట్రోలు పైకి లేచి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది. పెట్రోలు పైకి వచ్చే సన్న కన్నం ఉన్న ఇత్తడి మరను జెట్టు అంటారు.

గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండాలి. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఉంటుంది కదా! నీళ్లు నిండగానే అది కుళాయిని మూస్తుంది. కార్బురేటర్‌లోనూ అలాంటి తేలే బుడ్డి ఉంది. దాని మీద ఒక సూది ఉంది. పెట్రోలు చాలినంత చేరగానే సూది దారి మూస్తుంది.

కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే నల్ల పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. గాలి మరీ ఎక్కువైతే బండి లాగదు, ఇంజను బాగా వేడెక్కుతుంది.

ఇంజను చల్లారాక ప్లగ్గు తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. ప్లగ్గు కొస లేత ఇటుక రంగులో ఉంటే మంచిది. నల్లగా పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువైంది.

ముందు జాగ్రత్త

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. అది నేల మీద పాకుతూ పోయి దూరాన ఉన్న నిప్పును అంటుకోగలదు. అందుకే ఈ పని ఆరుబయట చేయాలి. దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి. పక్కన ఒక తట్టెడు ఇసుక పెట్టుకోవాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పాకుతుంది. ఇసుకే చల్లాలి. గొట్టంతో పెట్రోలును నోటితో పీల్చకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో చేసుకునే పనులు

1. గాలి వడపోత. దీన్నే ఎయిర్ ఫిల్టర్ అంటారు. మట్టి దారుల్లో తిరిగే బండికి ఇది తొందరగా మూసుకుపోతుంది. స్పాంజిలా ఉంటే సబ్బు నీళ్లలో పిసికి, నీడన ఆరబెట్టాలి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది. బండి పుస్తకంలో చెప్పి ఉంటే కొద్దిగా నూనె రాయాలి. కాగితం ఫిల్టరును మాత్రం కడగకూడదు. మెల్లగా తట్టి దుమ్ము దులపాలి. బాగా నల్లబడితే కొత్తది వేయాలి.

2. గిన్నెలో నీళ్లు. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ కలుపుతున్నారు. చెరకు, బియ్యం, మొక్కజొన్నల నుంచి దాన్ని తీస్తారు. ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి చాలా రోజులు కదలకుండా ఉంటే నీరు అడుగున చేరవచ్చు. ఇంజను చల్లారాక పెట్రోలు కుళాయి కట్టాలి. గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజు సీసాలోకి దించాలి. అడుగున నీటి బొట్లు వేరుగా కనిపిస్తే బండి మొరాయించడానికి కారణం తెలిసినట్టే. పెట్రోలు గొట్టం కూడా వంచి చూడాలి. పగుళ్లు ఉంటే మార్చాలి.

3. జెట్టు శుభ్రం. పాతకాలపు పంపు స్టవ్వుకు పిన్ను వేసేవాళ్లు. జెట్టుకు మాత్రం పిన్ను, తీగ వేయకూడదు. ఇత్తడి మెత్తన. కన్నం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు ఎక్కువ తాగుతుంది. జెట్టును పెట్రోలులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టాలి. వెలుతురుకు ఎత్తి చూస్తే కన్నం గుండ్రంగా కనబడాలి.

4. స్లో సరిచేయడం. కార్బురేటర్‌కు బయట రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి స్లో స్క్రూ. ఇది ఇంజను ఆగకుండా తిరిగే వేగం మారుస్తుంది. రెండోది గాలి స్క్రూ. దీన్ని తిప్పే ముందు, లోపలికి మెల్లగా ఆనేదాకా ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టాలి. ఆ లెక్క పుస్తకంలో రాయాలి. గట్టిగా బిగిస్తే కొస పాడవుతుంది. మళ్లీ అన్ని చుట్లే బయటికి తిప్పాలి.

బండిని నడి స్టాండు మీద నిలపాలి. చీర కుచ్చిళ్లు, చున్నీ చక్రానికి దూరంగా దోపుకోవాలి. ఇంజను అయిదు నిమిషాలు నడిచి వేడెక్కాలి. చోకు మూసి ఉండకూడదు. అప్పుడు గాలి స్క్రూను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఎక్కడ ఇంజను జోరుగా, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపాలి. తరువాత స్లో స్క్రూతో వేగం తగ్గించాలి. మూసిన గదిలో ఇంజను నడపకూడదు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

చివరగా యాక్సిలరేటర్ తిప్పి వదలాలి. అది టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ రెండు వైపులా తిప్పినా ఇంజను జోరు మారకూడదు. మారితే తీగ ఎక్కడో పట్టేస్తోంది. అది సరిచేయకుండా రోడ్డెక్కడం ప్రమాదం.

రెండు కార్బురేటర్లు ఉంటే

1983లో రాజ్‌దూత్ 350 అనే మోటారు సైకిలు మన దేశంలో వచ్చింది. దానికి రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి లాగితే అరక సాగదు. అలాగే రెండు కార్బురేటర్లూ ఒకేసారి, ఒకే అంత తెరుచుకోవాలి. దీన్నే బ్యాలెన్సింగ్ అంటారు. ఇది అలవాటున్న మెకానిక్కు చేసే పని. ఒకే కార్బురేటర్ ఉన్న బండికి బ్యాలెన్సింగ్ అవసరం లేదు. పైన చెప్పిన పనులే చాలు.

మెకానిక్కు దగ్గరికి ఎప్పుడు?

గిన్నె శుభ్రం చేశాక కూడా పెట్రోలు కారుతుంటే వెంటనే కుళాయి కట్టి, మెకానిక్కును పిలవాలి. ఇంజను దానంతట అదే జోరు అందుకుంటే తాళం తిప్పి ఆపేయాలి. అప్పుడు “బండి బాగాలేదు” అని ఊరుకోకూడదు. ఏం చూశారో, ఏం చేశారో, ఎన్ని చుట్లు తిప్పారో పుస్తకం చూసి చెప్పాలి. ఏ సామాను మార్చాడో అడిగి, పాతది తీసుకోవాలి. తెలిసి అడిగేవాళ్లకు లేని ఖర్చు చెప్పడం కష్టం.

రాసుకుంటే మిగులుతుంది

ట్యాంకు నిండుగా పోయించి, మీటరులో కిలోమీటర్లు రాసుకోవాలి. మళ్లీ నిండుగా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాయాలి. మొదట మీటరు 12,400. తరువాత 12,535. తేడా 135 కిలోమీటర్లు. పట్టిన పెట్రోలు 3 లీటర్లు. 135ను 3తో భాగిస్తే 45. అంటే లీటరుకు 45 కిలోమీటర్లు.

నెలకు 900 కిలోమీటర్లు తిరిగే బండి 45 ఇస్తే 20 లీటర్లు చాలు. 36 ఇస్తే 25 లీటర్లు కావాలి. లీటరు 100 రూపాయలు అనుకుంటే నెలకు 500 రూపాయలు పొగలో పోయినట్టే. ఏడాదికి 6,000. అది ఆమె కష్టార్జితం.

మీరే లెక్క వేయండి

అదే బండి కొన్నాళ్ల తరువాత 3 లీటర్లకు 108 కిలోమీటర్లు నడిచింది. లీటరుకు ఎంత వచ్చింది? ముందు కన్నా తగ్గిందా, పెరిగిందా? మొదట ఏం విప్పి చూడాలి?