పిల్లి ‘మ్యావ్’ అనేది మనుషులతోనే.. ఆ మాట ఇంట్లోవాళ్లకు అర్థమవుతోందా?

వంటింట్లో ఖీమా కడుగుతుంటే చాలు, పిల్లి వచ్చి కాళ్ల చుట్టూ తిరుగుతూ ‘మ్యావ్, మ్యావ్’ అంటుంది. అదే పిల్లికి గోడ మీద ఇంకో పిల్లి ఎదురైతే సాధారణంగా ఆ మాట అనదు. గుర్రుమంటుంది, బుస కొడుతుంది, లేదంటే తోక ఎత్తి దగ్గరికి పోతుంది. అసలు ‘మ్యావ్’ అన్నది కూనలు తల్లిని పిలుచుకునే కూత. పెద్దయ్యాక పిల్లులు తమలో తాము దాన్ని దాదాపు మానేస్తాయి. మనుషుల మధ్య పెరిగినవి మాత్రం మానవు. ఎందుకంటే ఇక్కడ ఆ కూతకు ఫలితం ఉంది. గిన్నెలో ముక్క పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

అంటే ప్రతి పిల్లీ తన ఇంటివాళ్లకు సరిపోయే భాషను తనే తయారు చేసుకుంటుందన్నమాట. అందుకే పక్కింటి పిల్లి ఎందుకు అరుస్తోందో చెప్పమంటే చాలామంది తడబడతారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన నికొలస్ నికాస్ట్రో బృందం 2003లో ఇదే పరీక్షించింది. తెలియని పిల్లుల అరుపులు విన్నవాళ్లు, అవి ఏ సందర్భంలోవో గుడ్డిగా ఊహించినదానికంటే కాస్త మెరుగ్గా మాత్రమే చెప్పగలిగారు. పిల్లులతో మెలిగిన అనుభవం ఉన్నవాళ్లు కొంచెం నయం.

గురగురలోనూ తేడాలున్నాయి. బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకురాలు కరెన్ మెకోంబ్‌ను ఆమె సొంత పిల్లే పొద్దున్నే గురగురలాడి లేపేదట. ఆ పరిశోధనకు బీజం అక్కడే పడింది. ఆకలేసినప్పుడు పిల్లి చేసే గురగురలో సన్నని ఏడుపు లాంటి ధ్వని కలిసి ఉంటుందని, అది చంటిపిల్లల ఏడుపు స్థాయికి దగ్గరగా ఉంటుందని 2009లో ఆమె బృందం తేల్చింది. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్లకు కూడా ఆ శబ్దంలో తొందర వినిపించింది. సహరీకి అలారం అక్కర్లేదని నవ్వుకునే ఇళ్లకు ఈ గురగుర కొత్తేమీ కాదు.

మరి మనుషుల మాట పిల్లికి ఎంత తెలుస్తుంది? అనుకున్నదానికంటే ఎక్కువే. జపాన్‌లో అత్సుకో సైటో బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అదే పొడవున్న వేరే మాటల మధ్య తన పేరు వినబడితే పిల్లి గుర్తుపడుతుంది. చెవి తిప్పుతుంది, తల కదుపుతుంది. లేచి రావడం మాత్రం దాని ఇష్టం! ఫ్రాన్స్‌లో 2022లో వచ్చిన మరో పరిశోధనలో, యజమాని ముద్దుగా తనతోనే మాట్లాడుతున్నారా, ఇతర మనుషులతోనా అన్నది పిల్లులు పసిగట్టాయి. కొత్తవాళ్ల గొంతు విషయంలో ఆ తేడాను పట్టించుకోలేదు. కళ్లతోనూ మాట్లాడవచ్చు. పిల్లి వైపు చూసి నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే అది కూడా కళ్లు సగం మూస్తుందని 2020లో ససెక్స్ పరిశోధకులే చూపించారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పిల్లి సైగలను కుక్క సైగల్లా చదవడంలో. నిలువుగా ఎత్తిన తోక స్నేహానికి గుర్తు. అటూ ఇటూ కొట్టే తోక మాత్రం సంబరం కాదు, చిరాకు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే భయం లేదని అర్థం, పొట్ట నిమరమని కాదు. చెవులు వెనక్కి వాలాయంటే పిల్లలు చెయ్యి తీసేయాలి. ఇది తెలియకే ‘ఊరికే కరిచింది’ అంటారు. కరిచినా, రక్కినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి.

అన్నింటికంటే కష్టంగా అర్థమయ్యేది పిల్లి మౌనం. నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. రోజూ దస్తర్‌ఖాన్ పరవగానే వచ్చి కూర్చునే పిల్లి రాకుండా మంచం కింద నక్కిందంటే, రోజంతా తిండి ముట్టలేదంటే ‘అలిగింది’ అనుకుని వదిలేయకూడదు. గురగురలాడుతోంది కాబట్టి బాగానే ఉందనీ అనుకోవద్దు. గాయపడినప్పుడు, ఈనేటప్పుడు కూడా పిల్లులు గురగురలాడతాయి.

మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాక అరుస్తుంటే అది మరీ ప్రమాదం. చాలామంది మలబద్ధకం అనుకుంటారు. మూత్రం బిగుసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి. ఈలోగా నొప్పికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయనే వేయకూడదు. పిల్లి శరీరం దాన్ని విరగ్గొట్టుకోలేదు, ఒక్క మాత్ర కూడా చంపేయగలదు. చివరిసారి తిన్నది ఎప్పుడు, మూత్రం పోసింది ఎప్పుడు, అరుపు ఎప్పటినుంచి మారింది అని డాక్టరు అడుగుతారు. ఇంట్లో అన్నం పెట్టేవాళ్లే వెంట వెళ్తే జవాబు సరిగ్గా దొరుకుతుంది.