ఇన్‌బాక్స్ మకాం మారితే

విండోస్ కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్ల మెయిళ్లన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటాయి. ఆ ఫోల్డర్ మామూలుగా కంటికి కనిపించదు. సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మన పేరు, దాని కింద యాప్‌డేటా, ఆ లోపల రోమింగ్, ఇంకా లోపల థండర్‌బర్డ్, చివరికి ప్రొఫైల్స్. ఇంత దూరం వెళ్తే అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్న పేరుతో ఒక ఫోల్డర్ దొరుకుతుంది. ఏళ్ల తరబడి నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు అందులోనే. పొరపాటున ఎవరూ చెయ్యి పెట్టకుండా విండోస్ యాప్‌డేటాను దాచి ఉంచుతుంది. ఆ జాగ్రత్తే ఒక్కోసారి కొంప ముంచుతుంది. వన్‌డ్రైవ్ లాంటి సేవ కంప్యూటర్ను బ్యాకప్ చేస్తానన్నప్పుడు తీసుకునేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి పైకి కనిపించే ఫోల్డర్లనే. పెళ్లి ఫొటోలు క్లౌడ్ ఎక్కుతాయి, మెయిళ్లు హార్డ్‌డిస్కులోనే ఉండిపోతాయి. డిస్కు పోయిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు.

అందుకే చాలామందికి ఒక ఉపాయం తడుతుంది. ఆ ఫోల్డర్ను దాచిన చోటి నుంచి లేపి డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టేస్తే సరి, ఇక దానంతట అదే క్లౌడ్‌లోకి వెళ్తూ ఉంటుంది కదా అని. లేపడం కష్టమేమీ కాదు. పెట్టిన చోట అది క్షేమంగా ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మెయిల్ ప్రోగ్రాం తన ఫైళ్లను రాసుకునే తీరులో ఉంది.

డిస్కుతో పాటు మెయిళ్లూ పోయే ఈ బెడద అందరికీ ఒకేలా ఉండదు. మార్క్ క్రిస్పిన్ 1986లో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన ఐమ్యాప్ పద్ధతిలో అసలు ప్రతి సర్వర్ దగ్గరే ఉంటుంది, కంప్యూటర్లోది దాని నకలు. డిస్కు పోయినా కొత్త కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొడితే అన్నీ మళ్లీ దిగుతాయి. పాప్ పద్ధతి అంతకు రెండేళ్లు పెద్దది. దాని తర్కం వేరు: లైను కలుపుకో, మెయిళ్లు దించుకో, సర్వర్ ఖాళీ చెయ్యి, లైను తెంపెయ్యి. సొంత డొమైన్ పేరుతో మెయిల్ పెట్టుకున్న చిన్న వ్యాపారాల్లో, కొన్ని ఆడిటర్ల ఆఫీసుల్లో పాప్ ఇంకా బతికే ఉంది. సర్వర్లో కాపీ ఉంచే ఏర్పాటు లేకపోతే అలాంటి చోట హార్డ్‌డిస్కులో ఉన్నదే ఏకైక ప్రతి. ఐమ్యాప్ వాడేవాళ్లు కూడా జీమెయిల్ ఇచ్చిన 15 జీబీ నిండిందని పాత మెయిళ్లను థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి లాగేస్తే, అంతమేరకు వాళ్లదీ ఇదే పరిస్థితి.

ఇప్పుడు ఆ ఫోల్డర్ లోపలికి. ఇన్‌బాక్స్ అనే ఫైలు ఒకటి కనిపిస్తుంది, చివర డాట్ గానీ ఎక్స్‌టెన్షన్ గానీ లేకుండా. ఇది ఎంబాక్స్ అనే రకం, యూనిక్స్ కాలం నాటి పాత పద్ధతి. వచ్చిన మెయిళ్లన్నీ ఒకే పొడవాటి టెక్స్ట్ ఫైల్లో ఒకదాని కింద ఒకటి చేరతాయి. పక్కనే ఎంఎస్ఎఫ్ ఎక్స్‌టెన్షన్‌తో చిన్న సూచిక ఉంటుంది. ఏ మెయిల్ ఎక్కడ మొదలవుతుందో దాన్ని బట్టే థండర్‌బర్డ్‌కు తెలుస్తుంది. చిరునామాల పుస్తకం, వెతుకులాటకు వాడే పెద్ద సూచిక మాత్రం ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైళ్లు. లాగిన్ పాస్‌వర్డ్‌లు ఒక ఫైల్లో, వాటి తాళం చెవి మరో ఫైల్లో, రెండూ అదే ఫోల్డర్లో.

ఇన్‌బాక్స్ ఫైల్ను నోట్‌ప్యాడ్‌తో తెరిచి చూస్తే ఓ వింత కనిపిస్తుంది. ఇంగ్లిష్ మెయిళ్లు చాలావరకు చదవడానికి వస్తాయి. తెలుగు మెయిళ్లలో చాలావాటి స్థానంలో అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల వరసలు ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 7 బిట్ల కాలంలో పుట్టిన మెయిల్ దారుల్లో అవి చెడిపోకుండా బేస్64 అనే పద్ధతి ప్రతి 3 బైట్లనూ 4 మామూలు అక్షరాలుగా మార్చి పంపుతుంది. ‘అమ్మ’లో అ, మ, పొల్లు గుర్తు, మళ్లీ మ, ఇలా 4 సంకేతాలున్నాయి. అంటే 12 బైట్లు, బేస్64లో 16 అక్షరాలు. తెలుగు సంకేతాలన్నీ యూనికోడ్‌లో ఒకే పేటలో ఉన్నందువల్ల, తెలుగుతో మొదలయ్యే మెయిల్ ఇలా మారినప్పుడు ఎప్పుడూ 4 అంకె, దాని పక్కన పెద్ద ఎల్ అక్షరంతోనే మొదలవుతుంది. ఫొటోలూ పీడీఎఫ్‌లూ కూడా ఈ దారినే వస్తాయి కాబట్టి 3 ఎంబీ జోడింపు ఇన్‌బాక్స్‌లో 4 ఎంబీకి పైగానే చోటు తింటుంది.

మకాం మార్చడం విషయానికొస్తే, ముందు థండర్‌బర్డ్‌ను మూసేయాలి. ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని కొత్త చోటికి కాపీ చేయాలి. కట్ చేయొద్దు, కాపీయే. తర్వాత థండర్‌బర్డ్‌ను ప్రొఫైల్ మేనేజర్‌తో తెరవాలి. విండోస్‌లో రన్ పెట్టెలో ప్రోగ్రాం పేరు, ఒక ఖాళీ, చిన్న గీత, దాన్ని ఆనుకుని పెద్ద పి కొడితే ఆ కిటికీ వస్తుంది. అక్కడ కొత్త ప్రొఫైల్ సృష్టిస్తూ, ఫోల్డర్ ఎంచుకోమన్నప్పుడు కాపీ చేసిన దాన్ని చూపిస్తే పని అయిపోయినట్టే. ప్రొఫైల్స్ డాట్ ఐఎన్‌ఐ అనే ఫైల్లో దారిని చేత్తో మార్చే పాత పద్ధతీ ఉంది గానీ, కొత్త వెర్షన్లు డిఫాల్ట్ ప్రొఫైల్ దారిని వేరేచోట కూడా రాసుకుంటున్నాయి కాబట్టి ఆ తలనొప్పి పెట్టుకోకపోవడమే మేలు. ఒక్క చోట జాగ్రత్త. పాత ప్రొఫైల్ను జాబితా నుంచి తీసేసేటప్పుడు ఫైళ్లు కూడా తొలగించాలా అని అడుగుతుంది. కొత్తది నాలుగు రోజులు సవ్యంగా నడిచాకే అవుననాలి.

ఇంతవరకు బాగానే ఉంది. కొత్త చోటు క్లౌడ్ సేవ కాపలా కాసే ఫోల్డర్ అయినప్పుడు కథ మలుపు తిరుగుతుంది.

పెద్ద ఫైల్లో కొద్దిగా మారినప్పుడు మొత్తం మళ్లీ పంపడం దండగ. డ్రాప్‌బాక్స్ ప్రతి ఫైల్నీ 4 ఎంబీ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితంతో ఒక వేలిముద్ర లాంటి సంఖ్య తీస్తుంది. సంఖ్య మారిన ముక్కకే ప్రయాణం. 3 జీబీ ఇన్‌బాక్స్ అంటే 768 ముక్కలు. కొత్త మెయిల్ వస్తే అది ఎంబాక్స్ ఫైలు తోకకు చేరుతుంది, చివరి ముక్క ఒక్కటే మారుతుంది. ఈ ఏర్పాటుకు ఎంబాక్స్ అచ్చుగుద్దినట్టు సరిపోయిందే అనిపిస్తుంది.

చెరిపేటప్పుడు తెలుస్తుంది తిరకాసు. థండర్‌బర్డ్‌లో మెయిల్ డిలీట్ చేసినా అది ఫైల్లోంచి వెంటనే పోదు, పోయినట్టు గుర్తు మాత్రం పడుతుంది. ఇలాంటి చచ్చిన చోటు బాగా పేరుకున్నాక ప్రోగ్రాం ‘కాంపాక్ట్’ చేస్తుంది. అంటే బతికున్న మెయిళ్లను మాత్రమే వరసగా కొత్త ఫైల్లోకి రాసి, పాతదాన్ని పారేస్తుంది. ఫైలు మొదట్లో ఒక్క మెయిల్ పోయినా, క్యూలో ముందున్న మనిషి తప్పుకుంటే వెనకవాళ్లంతా ఒక్కో అడుగు జరిగినట్టు, ఆ తర్వాతి సమాచారమంతా ముందుకు జరుగుతుంది. 4 ఎంబీ గీతలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఒక్క అక్షరం కొత్తది లేకపోయినా దాదాపు అన్ని ముక్కల సంఖ్యలూ మారిపోతాయి. స్థిరమైన ముక్కల లెక్క ఒక్కటే నమ్ముకున్న సేవ ఏదైనా 3 జీబీనీ మళ్లీ పంపాల్సిందే. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగమైతే 40 నిమిషాలకు పైనే.

దీనికి విరుగుడు 1996లోనే వచ్చింది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ తయారుచేసిన ఆర్‌సింక్‌లో ముక్కల గీతలు కదులుతాయి. అవతలి కంప్యూటర్ తన దగ్గరున్న పాత ఫైలు ముక్కలకు రెండేసి సంఖ్యలు లెక్కగట్టి పంపుతుంది. ఒకటి తేలికది, ఒకటి గట్టిది. ఇవతలి కంప్యూటర్ కొత్త ఫైలు మీద అంతే వెడల్పున్న కిటికీని ఒక్కో బైటు చొప్పున జరుపుతూ పోతుంది. తేలిక సంఖ్యను ప్రతిసారీ మొదటినుంచి లెక్కించనక్కర్లేదు. కిటికీలోంచి బయటికి పోయిన బైటును తీసేసి, లోపలికొచ్చినదాన్ని కలిపితే చాలు. అది ఎక్కడైనా సరిపోలితేనే గట్టి సంఖ్యతో ఖాయం చేసుకుంటుంది. అలా పాత ముక్క ఎంత పక్కకు జరిగినా పట్టుబడుతుంది. క్లౌడ్ సేవలు ఈ తెలివిని ఎంతమేరకు వాడతాయన్నది సేవను బట్టి మారుతుంది.

ఆలస్యం కన్నా పెద్ద ప్రమాదం ఎస్‌క్యూలైట్ ఫైళ్ల దగ్గర ఉంది. డేటాబేస్ ఒక మార్పు చేసేటప్పుడు ముందు పక్కనున్న జర్నల్ ఫైల్లో కొంత, అసలు ఫైల్లో కొంత రాస్తుంది. రెండూ కలిస్తేనే పూర్తి నిజం. సరిగ్గా ఆ మధ్యలో, మార్పులను క్లౌడ్‌కు చేరవేసే సింక్ ప్రోగ్రాం వచ్చి ఒక ఫైలు ఇప్పుడు, రెండోది కాసేపాగి తీసుకెళ్తే, క్లౌడ్‌లో చేరేది ఏ క్షణానికీ చెందని జంట. డేటాబేస్ ఎలా పాడవుతుందో ఎస్‌క్యూలైట్ రూపకర్తలు రాసిపెట్టిన పత్రంలోనే, రాత నడుస్తుండగా కాపీ తీయడం ఒక కారణంగా ఉంది. ఇక ఆఫీసులో, ఇంట్లో రెండు కంప్యూటర్ల నుంచి ఒకే క్లౌడ్ ఫోల్డర్లోని ప్రొఫైల్ను తెరిస్తే చెప్పక్కర్లేదు. రెండు చోట్లా మారిన ఫైల్ను కలపడం డ్రాప్‌బాక్స్ వల్ల కాదు, పేరు పక్కన ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని తగిలించి రెండోది కూడా ఉంచుతుంది. సగం మెయిళ్లు ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో.

అవుట్‌లుక్ వాడేవారిది తలకిందుల సమస్య. దాని పీఎస్‌టీ ఫైలు చాలా వెర్షన్లలో డాక్యుమెంట్స్ కిందే ఉంటుంది. వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్‌కు ఒకసారి సరేనన్నాక, మెయిల్ ఫైలు కూడా దాంతోపాటు క్లౌడ్‌లోకి నడిచిపోతుంది, చాలామందికి తెలియకుండానే. ఒకప్పుడు 2 జీబీ దాటని పీఎస్‌టీ, 2003 వెర్షన్‌తో 20 జీబీకి, 2010తో 50 జీబీకి పెరిగింది. మెయిళ్లు, క్యాలెండర్, చిరునామాలు అన్నీ ఒకే ఫైలు. దీన్ని వన్‌డ్రైవ్ నుంచి ఎలా బయటికి తీసుకోవాలో మైక్రోసాఫ్టే తన సహాయ పత్రాల్లో వివరించింది. ఒక చేత్తో లోపలికి తోసి, ఇంకో చేత్తో బయటికి లాగే దారి చూపించడం అన్నమాట.

సింక్‌ను బ్యాకప్ అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది. సింక్ మన మార్పులన్నీ నమ్మకంగా క్లౌడ్‌కు చేరవేస్తుంది, మన తప్పులతో సహా. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఏ రకం ఫైళ్లకు తాళం వేయాలో ఆ వైరస్ వెంట ఒక జాబితా ఉండేది. అందులో పీఎస్‌టీ, ఓఎస్‌టీ, ఈఎంఎల్ లాంటి మెయిల్ ఫైళ్లకు ప్రత్యేకంగా చోటిచ్చారు. తాళం పడ్డ ఫైలు కూడా సింక్ దృష్టిలో ‘మారిన ఫైలే’, వెంటనే పైకి పంపేస్తుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు దాచి ఉంచుతారు, నిజమే. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో అది 30 రోజులు. మూడు నెలల కింద చెడిపోయిన ఫోల్డర్ను ఈ రోజు గమనించినవాడికి ఆ గడువు ఏ మూలకు?

గూగుల్‌కే ఈ పాఠం 2011 ఫిబ్రవరిలో ఎదురైంది. స్టోరేజీ సాఫ్ట్‌వేర్లో చేసిన మార్పులో ఒక లోపం దొర్లి, వాడకందారుల్లో 0.02 శాతం మంది జీమెయిల్ ఖాళీగా కనిపించింది. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా లాభం లేకపోయింది, లోపం వాటినీ తాకింది. చివరికి ఆదుకున్నవి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా పక్కన పెట్టిన మాగ్నెటిక్ టేపులు. అలాంటి పక్క కాపీ లేకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 2025 సెప్టెంబరులో డేజన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో మంటలు లేచినప్పుడు అధికారులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది.

కాబట్టి మకాం మార్చాలనుకుంటే మార్చుకోవచ్చు, క్లౌడ్ ఫోల్డర్లోకి మాత్రం వద్దు. డి డ్రైవ్‌లో సులువుగా దొరికే పేరుతో ఒక మామూలు ఫోల్డర్ చాలు. థండర్‌బర్డ్ మూసి ఉన్న వేళ, అంటే రాత్రి పని ముగిశాక, ఆ ఫోల్డర్ను ఒకే జిప్‌గా కట్టి, తేదీ పేరు పెట్టి, ఆ జిప్‌ను క్లౌడ్ ఫోల్డర్లో పడేయాలి. వారానికొకటి చొప్పున నాలుగైదు ఉంచుకుంటే సరి. వెతుకులాట సూచిక ఫైల్ను, పేరులో గ్లోబల్ మెసేజెస్ అని ఉండేదాన్ని, వదిలేయొచ్చు. అది లేకపోతే థండర్‌బర్డ్ తనే మళ్లీ కట్టుకుంటుంది. ప్రోగ్రాంలోనే ఎక్స్‌పోర్ట్ అవకాశం ఉంది గానీ 2 జీబీ దాటిన ప్రొఫైల్ను అది మోయలేదు. జిప్‌కు పాస్‌వర్డ్ తప్పనిసరి. సెవెన్‌జిప్‌లో ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఉచితంగానే దొరుకుతుంది. థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోనివారి ప్రొఫైల్లో తాళమూ చెవీ పక్కపక్కనే ఉన్నాయి కదా, ఆ ఫోల్డర్ చిక్కినవాడికి మెయిళ్లతో పాటు పాస్‌వర్డ్‌లూ చిక్కినట్టే. నెలకోసారి అదే జిప్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించి, తీసి పక్కన పెడితే టేపు చేసిన పని అది చేస్తుంది.

తీసిన కాపీ తెరుచుకుంటుందో లేదో వేరే కంప్యూటర్లో ఒకసారి చూడాలి. జిప్ విప్పి, ప్రొఫైల్ మేనేజర్లో ఆ ఫోల్డర్ను చూపిస్తే చాలు. అక్కడ ఉన్నది పాత థండర్‌బర్డ్ అయితే తెరవనని మొరాయిస్తుంది, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్ను పాత వెర్షన్ ముట్టుకోదు. ముందు దాన్ని అప్‌డేట్ చేసుకోవాలి. మొదటిసారి తెరుచుకున్నాక వెతుకులాట సూచిక మళ్లీ తయారయ్యేదాకా, పెద్ద ఇన్‌బాక్స్ అయితే కాసేపు కంప్యూటర్ నెమ్మదిస్తుంది. పరీక్ష కోసం తెరిచేటప్పుడు పాప్ ఖాతా ఉంటే ఇంటర్నెట్ తీసేసి తెరవడం మంచిది, లేకపోతే ఆ రోజు వచ్చిన కొత్త మెయిళ్లు ఆ పరాయి కంప్యూటర్లోకి దిగిపోతాయి.