సూది ఆగిందా... చెయ్యీ ఆగాలి!

దీపావళి వస్తోందంటే చాలు... అమలాపురం, రాజోలు, కొత్తపేట వీధుల్లో బొమ్మ తుపాకుల టపటపలే! రీలు మీద చుక్కంత మందు. దానిపై దెబ్బ పడగానే... ఠప్!

నిజం పిస్తోలు తూటాలోనూ జరిగేది ఇంచుమించు అదే. ఇత్తడి తొడుగు అడుగున బుల్లి గిన్నెలాంటి ముక్క ఉంటుంది. దానిపేరు ప్రైమర్. దెబ్బ తగలగానే అందులో పుట్టిన నిప్పు సన్నని బెజ్జంలోంచి వెళ్లి లోపలి మందును అంటిస్తుంది. గుండు దూసుకుపోతుంది. ఖాళీ తొడుగు, కాలిన ప్రైమర్ మిగులుతాయి.

ఆ తొడుగును పారేయకుండా మళ్లీ నింపుకోవడం అమెరికాలో చాలామందికి అలవాటు. పిల్లల దగ్గరికి వెళ్లిన కోనసీమ పెద్దలకు ఏ పొరుగింటి గ్యారేజీలోనో ఆ పని కంటపడొచ్చు. మొదటి మెట్టు, కాలిన ప్రైమర్‌ను తీసేయడం. ప్రెస్సులో బిగించిన ఉక్కు సూది తొడుగు లోపలి నుంచి దిగి దాన్ని కిందికి నెట్టేస్తుంది. చూడ్డానికి తేలికే. చిక్కల్లా సూది మధ్యలో ఆగినప్పుడే!

ఎందుకు ఆగుతుంది? ముందు లైటు వేసి తొడుగు లోపల చూడాలి. మధ్యలో ఒకే బెజ్జం ఉంటే అది బాక్సర్ రకం, సూది దిగుతుంది. పక్కపక్కన రెండు బెజ్జాలుంటే బెర్డాన్ రకం. బలవంతం చేస్తే సూది విరుగుతుంది. రెండూ 1866 నాటివే. తమాషా ఏమిటంటే, ఆంగ్లేయుడు బాక్సర్ కనిపెట్టింది అమెరికాలో స్థిరపడితే, అమెరికన్ బెర్డాన్‌ది ఐరోపాకు చేరింది!

సైన్యం తూటాల్లో ప్రైమర్ ఊడకుండా అంచు నొక్కి ఉంచుతారు. వాటికి గట్టి సూది కావాలి. తొడుగులు కడిగి తడిగా వదిలేస్తే చిలుము పట్టి ప్రైమర్ అతుక్కుపోతుంది. అప్పుడు సూది దాని నెత్తిని మాత్రమే చీల్చి, చుట్టూ ఉన్న రింగును వదిలేస్తుంది. అలాంటి తొడుగును పక్కన పడేయడమే మేలు. ఒక్కోసారి ఊడిన ప్రైమర్ సూదికే అంటుకుని తిరిగి పైకొస్తుంది. సూది కొన శుభ్రం చేస్తే సరి.

అన్నిటికన్నా ముఖ్యం... పేలని ప్రైమర్‌ను అలా నెట్టకూడదు. అది చేతిలోనే పేలొచ్చు. కళ్లకు అద్దాలు తప్పనిసరి. చాలా ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. కాబట్టి పిల్లల్ని దరికి రానీయకూడదు, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మరి మన దగ్గర? 1959 నాటి ఆయుధ చట్టం తూటాల లెక్కలోనే వాటి విడిభాగాలనూ, తయారీ యంత్రాలనూ చేర్చింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే నేరం. కాబట్టి ఇంట్లో చేసి చూద్దామనుకునే సరదా కాదిది. అక్కడ దొరికిన తూటాను జ్ఞాపకంగా సూట్‌కేసులో వేసుకొచ్చినా విమానాశ్రయంలో చిక్కులే.

తుస్సుమన్న టపాకాయను తిరగతోడొద్దని దీపావళికి అమ్మమ్మలు అరిచేది ఇందుకే. ఆగిపోయినదాన్ని బలవంతం చేసేముందు, ఎందుకు ఆగిందో చూడాలి మరి!