మంచుకొండలలో మన సీమ బిడ్డలు

మన కర్నూలు, కడప సీమలయందు మంచనగా పుష్యమాసపు వేకువజామున శనగచేలపై దిగి, ప్రొద్దెక్కగానే కరగిపోవునదియే గాని వేఱొకటి యెఱుగము. మన భయమంతయు వానలేమిని గూర్చియే. ఇట్టి మెట్టసీమవారికి హిమాలయపు మంచుతుపానులతో పని యేమని మీరడుగవచ్చును. పని కలదు. మొన్నటి మాఘమాసమున మా పొరుగింటి యవ్వ, సైన్యమునందున్న తన మనుమని తలచుకొని, "అయ్యవారమ్మా, మంచు దూదిమాదిరి ఉంటుందంటారే, అది మీద పడితే మనిషెందుకు చస్తాడు?" అని యడిగినది. ఆమెకు మేము చెప్పిన సమాధానమే యీ వ్యాసము.

ఆ ప్రశ్న యూరక పుట్టినది కాదు. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల యెత్తున నున్న కావలిచోటుమీద గొప్ప మంచుగోడ విఱిగిపడెను. మద్రాసు రెజిమెంటు పందొమ్మిదవ పటాలమువారు పదిమంది దానిక్రింద కప్పబడిరి. వారిలో బండి ఆత్మకూరు మండలము పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆ యూరు అప్పుడు కర్నూలు జిల్లాలోనిది. నేడు నంద్యాల జిల్లాలోనిది. తోడి సైనికులు జాగిలముల సాయమున రేయింబవళ్లు త్రవ్విరి. ఆఱవనాడు దాదాపు 25 అడుగుల లోతున, కర్ణాటకమునకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొనయూపిరితో దొరకెను. ఫిబ్రవరి 11వ తేదీన ఢిల్లీలో ఆయనయు కన్నుమూసెను. పదిమందిలో నొక్కరును మిగులలేదు.

సియాచిన్‌లో పడినది గడ్డకట్టిన మంచుగోడ. అయితే కొండలలో తఱచుగా మనుష్యులను పొట్టబెట్టుకొనునది వేఱొక విధము. అది పేరిన మంచు పొరగా జాఱుట. మంచు కురిసిన ప్రతిసారియు నొక క్రొత్తపొర యేర్పడును. గాలి గట్టిపఱచిన పొర యొకటి, ఎండకు కరగి మరల పేరినది యొకటి. బేతంచెర్ల నాపరాతి గనులలో బండలు పొరలుపొరలుగా లేచివచ్చుట మనమెఱిగినదే కదా! అతుకు ఎచ్చట బలహీనమో అచ్చటనే బండ యూడును. మంచును నట్టిదే. నేలదాపున కొంత వెచ్చదనము, పైన మిక్కిలి చలి యుండుటచే లోపలి యావిరి పైకి ప్రాకి, అడుగుమంచును పంచదారవంటి పలుకులుగా మార్చును. ఆ పలుకులు ఒకదానినొకటి యంటవు.

చేటలో కొంచెము రవ్వ చల్లి, దానిపై నొక జొన్నరొట్టె నుంచి, మెల్లగా వాల్చి చూడుడు. కొంత వాలువఱకు రొట్టె కదలదు. అది దాటగానే మొత్తము రొట్టె యొక్కసారిగా జాఱిపోవును. కొండమీదను ముప్పది మొదలు నలుబదియైదు డిగ్రీలవఱకు గల వాలులే మిక్కిలి ప్రమాదకరములు. అంతకంటె నిటారైనచోట మంచు నిలువక యెప్పటికప్పుడు కొంచెము కొంచెముగా రాలిపోవును.

తుపానువేళ క్రొత్తమంచు బరువు త్వరత్వరగా పెరుగును. పైగా గాలి, కొండకు ఒకవైపునున్న మంచునెత్తి రెండవవైపున పోయును. కాన తుపాను సాగుచున్నప్పుడును, వెలిసిన మఱునాడును అపాయ మధికము. ఆకాశము తెఱపియైనదని సంతోషించి బయలుదేఱువారే తఱచుగా చిక్కుకొందురు. అడుగు వేసినపుడు లోపలినుండి 'గుమ్'మను మ్రోత, కాలిదగ్గఱనుండి ప్రాకు బీటలు, ప్రక్కవాలున క్రొత్తగా జాఱిన మంచు, ఇవియన్నియు కొండ చేయు హెచ్చరికలు. చండీగఢ్‌లో రక్షణశాఖవారి పరిశోధనసంస్థ యొకటి ఈ పొరలను పరిశీలించి అపాయసూచనలు ప్రకటించుచున్నది.

ఇక నవ్వ ప్రశ్నకు వత్తము. దొర్లివచ్చునపుడు పిండివలె నున్న మంచు, ఆగినంతనే సున్నపుగచ్చువలె బిగియును. లోనున్నవాడు వ్రేలైనను కదపలేడు. అతని యూపిరి తేమయే మోమునెదుట గడ్డకట్టి గాలిని మూసివేయును. తొలి పదినిమిషములలో బయటికి తీసినచో పెక్కుమంది బ్రతుకుదురు. అరగంట దాటెనా, ఆస సన్నగిలును. కావున దూరమునుండి వచ్చు సాయముకంటె ప్రక్కనున్న తోడివాడే ప్రాణదాత. అందులకే తెలిసినవారు మంచువాలును ఒక్కొక్కరుగా దాటుదురు. సంకేతమిచ్చు చిన్నయంత్రము, గ్రుచ్చి వెదకు పొడవైన కడ్డీ, పార ప్రతివారియొద్దను ఉంచుకొందురు.

మా చిన్నతనమున తండ్రిగారియొద్ద మనుచరిత్రము చదువుకొంటిమి. ప్రవరుని కాలి పసరు హిమాలయపు మంచుచే కరగినదని విని, మంచు చేయు కీడు అంతమాత్రమే కాబోలునని తలచితిమి. ఆ ప్రవరుడు అగ్నిదేవుని వేడికొని యిల్లు చేరెను. పార్నపల్లె బిడ్డ సజీవుడై చేరలేదు.

అంతయు విని యవ్వ కొంతసేపు మాటాడలేదు. పిదప, "ఈసారి ఫోను చేస్తే, మంచు నిలిచినాక కూడా ఒక దినం ఆగి కదలమని చెప్తానమ్మా" అన్నది. సిపాయికి ఆగుట తన చేతిలోని పని కాదని మేమెఱుగుదుము. ఆ మాట యామెతో ననుటకు మాకు నోరాడలేదు.