స్థూలకాయులగు బిడ్డలకు ఇన్‌ఫ్లుయెంజా టీకా

ఖతారు దేశమున, దోహా నగరమునకు చేరువగా, అల్ రయ్యాన్ పురపాలకములో అల్ ఘర్రాఫా అను పేట కలదు. వేసవియందు అచ్చటి యెండ 45 డిగ్రీలకు మించుట కద్దు. అట్టి దినములలో బిడ్డలు వీధిలో ఆడుకొనజాలరు. తలుపులు మూసిన చల్లని గదులలో కూర్చుండి, తీపి పానీయములు త్రాగుచు ప్రొద్దుపుచ్చుదురు. ఆ పేటలోని యుద్యానవనమున చల్లని గాలి వీచు నడకబాట నొకదానిని నిర్మించిరి. నడచుటకై బాటనే చల్లపఱుపవలసి వచ్చెననిన, ఆ సీమలో బిడ్డలు లావెక్కుట యెంత సులభమో చదువరులే యూహింతురు గాక. 2012 మొదలుకొని ఫిబ్రవరి నెల రెండవ మంగళవారమును ఆ దేశమువారు క్రీడాదినముగా జరుపుచున్నారు. పని నిమిత్తమై వెళ్లిన మన తెలుగువారు పెక్కుమంది ఆ దేశమున నున్నారు. కొందఱు బిడ్డలతో కాపురము చేయుచున్నారు.

చలికాలమునకు ముందు అచ్చటి ఆరోగ్యకేంద్రములలో స్వదేశీయులకును పరదేశీయులకును ఇన్‌ఫ్లుయెంజా టీకా ఉచితముగా వేయుదురు. ఆఱు మాసములు నిండిన బిడ్డలును దీనిని పొందవచ్చును. అయితే లావుగా నున్న బిడ్డకు టీకా పట్టునా? ఈ ప్రశ్న వ్యర్థమైనది కాదు. 2009లో క్రొత్త ఇన్‌ఫ్లుయెంజా లోకమంతట వ్యాపించినప్పుడు, స్థూలకాయులకు ఆ జ్వరము మిక్కిలి తీవ్రమగుట వైద్యులు కనిపెట్టిరి.

టీకా వలన దేహములో రెండు విధములైన కాపుదల యేర్పడును. రక్తములోని ప్రతిరక్షకములు గుమ్మమునొద్ద నిలిచి, క్రిమిని లోనికి రానీయని కావలివాండ్రు. టీ కణములనునవి, తెగులు తగిలిన కొమ్మలను ఏఱి నఱకు తోటపనివారివలె, క్రిమి చొచ్చిన కణములను వెదకి నాశనము చేయును. కొవ్వు దేహమునకు కట్టిన వట్టి మూట కాదు. అది లెప్టిన్ మొదలగు ద్రవ్యములను విడుచుచు, నివురు గప్పిన నిప్పువలె లోలోపల వాపును రగుల్చుచుండును. దీర్ఘకాల మట్లుండుటచేత టీ కణములు మందగించును.

అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయము వారు పెద్దలను పరీక్షించి, 2012లో ఒక సంగతి ప్రకటించిరి. టీకా వేసిన నెలకు స్థూలకాయుల రక్తములో ప్రతిరక్షకములు చక్కగానే పెరిగెను గాని, సంవత్సరము తిరుగునప్పటికి తక్కినవారికంటె హెచ్చుగా తగ్గిపోయెను. వారే 2017లో ప్రకటించినది మఱింత వింతయైనది. టీకా పొందిన స్థూలకాయులకు, టీకా పొందిన సమాన శరీరులకంటె, ఇన్‌ఫ్లుయెంజాయో తత్సమానమైన జ్వరమో రెండింతలు తగిలెను. ప్రతిరక్షకములు మాత్రము తక్కువగా లేవు! కావలివాండ్రు గుమ్మమున నుండియు లోపలి పనివారు మందగించిరనుటకు ఇది సాక్ష్యము.

బిడ్డల విషయము వేఱుగా నున్నది. ఆస్ట్రేలియాలో పిల్లలను పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, స్థూలకాయులగు పిల్లలకును టీకావలన తగినన్ని ప్రతిరక్షకములు కలిగెను. కావున లావుపాటి బిడ్డకు టీకా దండుగ యనుట పొరపాటు. అయినను పెద్దలయందు ప్రతిరక్షకములు సరిగానున్నను జ్వరము వచ్చెను గదా! రక్తపరీక్ష యొక్కదానినే నమ్మి నిశ్చింతగా నుండరాదు.

తొమ్మిదేండ్లలోపు బిడ్డకు మొదటిసారి వేయునప్పుడు, నాలుగు వారముల యెడముతో రెండు మోతాదులు కావలెను. రెండవదానికి రాని తల్లులు అనేకులు. క్రిమి యేటేట రూపు మార్చుకొనుచుండును గనుక టీకాయు ఏటేట వేయింపవలెను. లావుగా నున్నాడని హెచ్చు మోతాదు అడుగరాదు. సూది కొవ్వులో నిలువక కండకు చేరుట ముఖ్యము, అది దాది యెఱిగిన పని.

బొద్దుగానున్న బిడ్డయే ఆరోగ్యవంతుడనుట మన యిండ్లలో పాతమాట. లైను ఇండ్లలో సైతము చక్కెర వేసిన టీయు, బిస్కత్తులును, సోడాబుడ్లును బిడ్డలను ఊరడించు సాధనములైనవి. అట్లని ఎదుగు బిడ్డను పస్తుంచి సన్నపఱచుట తగదు. ఎత్తు పెరుగుచుండగా బరువు నిలిచినను చాలును. టీకా కాపుదల కుదురుటకు రెండు వారములు పట్టును. ఈలోపల గాని తరువాత గాని జ్వరము వచ్చి, బిడ్డ వడివడిగా ఊపిరి తీసినను, డొక్కలు ఎగిరినను, పెదవులు నీలమైనను, నీరు పుచ్చుకొనకున్నను, తెల్లవాఱువఱకు ఆగక ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపోవలెను.