ఇసుకగూటిలో వేడిమి, తేమ: ఒక తాబేలు పిల్ల నేర్పిన పాఠం

సంస్థ పనిమీద మధ్య అండమాన్‌లోని రంగత్ ప్రాంతంలో కొంతకాలం నివసించే అవకాశం మాకు లభించింది. ఒకనాటి రాత్రి పొరుగు క్వార్టరులోని బాలుడు అరచేతిలో ఇమిడిపోయే తాబేలు పిల్లను తెచ్చి, "అంకుల్, మన వీధి దీపం కింద దొరికింది. పెంచుకుంటాను. వెచ్చగా ఉండేటట్టు దీనికి ఒక ఇల్లు చేసిపెట్టరూ?" అని అడిగాడు. మేమూ ఉత్సాహపడి కాగితంపై ఒక పెట్టె గీశాం. ఒక మూల 40 వాట్ల బల్బు, వేరొక మూల నీటి పళ్లెం, నడుమ థర్మోస్టాట్. 30 ఏళ్లుగా యంత్రాల వేడిమిని అదుపు చేస్తున్నవారికి ఈ చిన్ని ప్రాణి ఒక లెక్కా అనుకున్నాం.

బొమ్మ పూర్తి కాకముందే, బాలుని తండ్రి పిలుచుకువచ్చిన అటవీ శాఖ ఉద్యోగి దానిని పరిశీలించి, "కాళ్లు చూడండి సార్, తెడ్లలా ఉన్నాయి. ఇది నేల తాబేలు కాదు, ఆలివ్ రిడ్లే. దీని ఇల్లు సముద్రమే" అన్నారు. ఆ రాత్రే చీకటి ఒడ్డున దానిని ఇసుకపై వదిలాం. అలల దాకా అదే నడిచి వెళ్లింది. బాలుడు కంటతడి పెట్టుకున్నాడు. మాకు మాత్రం మా పెట్టెలోని పొరపాటు అప్పటికి పూర్తిగా బోధపడలేదు. సమీపంలోని కత్‌బర్ట్ బే తీరానికి వెళ్లి, తాబేలు గుడ్ల సంరక్షణ కేంద్రాన్ని చూసిన తరువాతనే అది తెలిసివచ్చింది.

తాబేలు తన ఒంటికి కావలసిన వేడిమిని పరిసరాల నుంచే గ్రహిస్తుంది. నేల తాబేలు పిల్లకు ఆవరణ నిర్మించేవారు ఒక కొన వెచ్చగా, మరొక కొన చల్లగా, ఒక మూల తేమగా ఉంచుతారు. ఒళ్లు వేడెక్కితే అది నీడకు నడుస్తుంది, చల్లబడితే వెచ్చనివైపు చేరుతుంది. అక్కడ అసలు థర్మోస్టాట్ తాబేలే. మన శ్రీకూర్మం క్షేత్రంలో పోషిస్తున్న నక్షత్ర తాబేళ్లను చూసినవారికి ఈ ఎండనీడల సంచారం పరిచితమే. అయితే నక్షత్ర తాబేలు గాని, సముద్రపు తాబేలు గాని మన ఇళ్లలో పెంచుకోదగినవి కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో సముద్రపు తాబేళ్లు ఉన్నాయి. 2022 సవరణతో నక్షత్ర తాబేలు కూడా అందులో చేరింది.

ఇసుకలోని గుడ్డు మాత్రం నీడకు నడవలేదు. తల్లి ఎంచిన చోటే దానికి గతి. కుక్కలు, అడవి పందులు, పోటు నీరు ఆ గూళ్లను పాడుచేసే చోట గుడ్లను సేకరించి, కంచె వేసిన హేచరీలో తిరిగి పాతిపెడతారు. అప్పటి నుంచి తల్లి బాధ్యత మనిషిదే. ఆలివ్ రిడ్లే ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లు పెడుతుంది. గుడ్లను దొర్లించకుండా, కొద్ది గంటలలోనే తరలించాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆపైన కదిపితే చనిపోవచ్చు. తల్లి తవ్వినట్లే, దాదాపు అర మీటరు లోతున గుంత తీస్తారు. మధ్యాహ్నం పైన కాలు మోపలేనంతగా ఇసుక కాలుతున్నా, ఆ లోతులో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా స్వల్పం.

సుమారు 45 నుంచి 60 రోజుల పొదుగు కాలంలో రెండింటిని కనిపెట్టి ఉండాలి. మొదటిది తేమ. ఇసుక మరీ ఎండితే పలుచని పెంకు గుండా గుడ్డులోని నీరు ఆవిరైపోతుంది. మరీ తడిస్తే ఇసుక రేణువుల నడుమ గాలి ఆడక పిండానికి ఊపిరి అందదు. రెండవది వేడిమి. పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది పొదుగు కాలపు నడిమి భాగంలోని ఉష్ణోగ్రత. సుమారు 29, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండూ ఇంచుమించు సమానంగా పుడతాయి. అంతకు మించితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువవుతాయి. 35 డిగ్రీల దరిదాపులకు చేరి అక్కడే నిలిస్తే గుడ్లు చెడతాయి. పైగా ఎదిగే పిండాలు తామే కొంత వేడిని పుట్టిస్తాయి. అందుకే గూళ్ల మధ్య ఒక మీటరు ఎడం ఉంచడం, పైన కొబ్బరి మట్టల పందిరి గాని నీడవల గాని కట్టడం అవసరమవుతుంది.

ఇక్కడ ఉత్పత్తి రంగంలోని మిత్రులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నూటికి 90 గుడ్లు పొదిగితే హేచరీ విజయవంతమైనట్లు నివేదికలో కనిపిస్తుంది. ఆ 90 పిల్లలూ ఆడవే అయితే? పుట్టిన పిల్లను పైకి చూసి ఆడమగ చెప్పడం సాధ్యం కాదు. లోపం బయటపడేసరికి పదేళ్లు దాటవచ్చు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లపై 2018లో వెలువడిన పరిశోధనలో, ఇంకా ఎదగని తాబేళ్లలో 99 శాతానికి పైగా ఆడవేనని తేలింది. కావున లెక్కించవలసినది పిల్లల సంఖ్య ఒక్కటే కాదు. గూటి పక్కన పాతిన థర్మామీటరు చూపే అంకె కూడా అంత ముఖ్యమే.

ఈ దీవులలో ఆలివ్ రిడ్లే, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అనే నాలుగు జాతులు గుడ్లు పెడతాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేలైన లెదర్‌బ్యాక్‌కు మన దేశంలో మిగిలిన ముఖ్య స్థావరం ఇదే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ దాని తీరాలను చెరిపివేసింది. ఇసుక మళ్లీ చేరిన చోటికి తాబేళ్లూ తిరిగి వచ్చాయి. ఇసుక, నీడ, చీకటి ఉంటే చాలు, అవి మన నుంచి వేరేమీ కోరవు.

మా పెట్టెలో తప్పు ఎక్కడున్నదో ఇప్పుడు పాఠకులకు విశదమై ఉంటుంది. ఆ పిల్లకు కావలసిన వేడిమిని ఇసుక ముందే ఇచ్చివేసింది. పుట్టిన పిల్లలు ఇసుక చల్లబడిన రాత్రివేళ పైకి వచ్చి, వెలుతురుగా కనిపించే సముద్రంవైపు సాగుతాయి. మా వీధి దీపమే దానిని దారి తప్పించింది. మేము దానికి మరొక దీపం పెట్టబోయాం!

తరువాత మా క్వార్టర్లలో సముద్రంవైపు దీపాలకు రేకు మూతలు బిగించి, తాబేళ్ల కాలంలో రాత్రివేళ అనవసరమైనవి ఆర్పివేయసాగాం. ఆ స్విచ్చి బాధ్యత ఆ బాలుడే స్వీకరించాడు. విశాఖ తీరంలో నివసించే మన ఉద్యోగుల కుటుంబాలు కూడా, ఆ ఒడ్డున రిడ్లేలు గుడ్లు పెట్టే జనవరి నుంచి పిల్లలు సముద్రం చేరేవరకు ఈ పని చేయవచ్చు. ఖర్చు లేదు, పైగా విద్యుత్ ఆదా.